పాఠం అందిందో లేదో ఆ గంటలోనే తెలుసుకోవడం ఎలా? ప్రాథమిక తరగతి ఉపాధ్యాయులకు కొన్ని అలవాట్లు

పాఠం ముగించి "అర్థమైందా?" అని అడిగితే మూడో తరగతి పిల్లలందరూ ఒక్క గొంతుతో "అర్థమైంది టీచర్" అంటారు. వాళ్లు అబద్ధమాడాలని అనడం లేదు. మనం గదిలోకి రాగానే లేచి నమస్కారం పెట్టినట్టే, అడిగారు కాబట్టి అలా అనాలని వాళ్లకు తెలుసు, అంటారు. ఆ మాటను నమ్మి ముందుకు సాగితే ఎంత నష్టం జరుగుతుందో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నాకు తెలిసివచ్చింది. రెండో వరుసలో కూర్చునే ఒక పాప నల్లబల్ల మీద నేను రాసినదంతా ముత్యాల్లాంటి అక్షరాలతో నోటు పుస్తకంలోకి దించేది. ఆ పుస్తకాన్ని తోటి ఉపాధ్యాయులకు చూపించి మురిసిపోయేదాన్ని. జనవరిలో ఒకరోజు, అంతవరకు చెప్పని పేజీ ఒకటి తెరిచి అందులో ఒక వాక్యం చదవమంటే, ఆ పాప చాలాసేపు అక్షరాలకేసి చూసి తల దించుకుంది. జూన్ నుంచి ఆమె రాస్తున్నదని నేననుకున్నదంతా నిజానికి బొమ్మలు గీసినట్టు గీసినదే.

ఆ ఏడు నెలల్లో నేను ఒక్క పాఠమూ ఎగ్గొట్టలేదు, గొంతు పోయేలా చెప్పాను, సిలబస్ సకాలంలో పూర్తి చేశాను. చెప్పినది ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని ఏ రోజుకారోజు చూసుకోవడం మాత్రం నాకు తెలియలేదు. ఆ తరువాత నేను పనిచేసిన బడుల్లో మంచి ఉపాధ్యాయులని పేరు తెచ్చుకున్న వారిని గమనిస్తే, వారిలో వాగ్ధాటి ఉన్నవారూ ఉన్నారు, మెల్లగా నాలుగు మాటలు మాట్లాడేవారూ ఉన్నారు. అందరిలోనూ కనిపించినది మాత్రం ఈ చూసుకునే అలవాటే. దిగువ చెప్పేవన్నీ ఆ అలవాటు చుట్టూ అల్లుకున్న పనులు. నల్లబల్ల, పలకలు, ముప్పై మంది పిల్లలు తప్ప మరేమీ లేని గదిలోనైనా వీటిని రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

గంట కొట్టక ముందు

పాఠ్య ప్రణాళిక రిజిస్టరులో గళ్లన్నీ నింపడం మనందరికీ తప్పని పనే. ఆ గళ్లతో పాటు, లేదా కనీసం ఒక చిన్న కాగితం మీద, రెండు వాక్యాలు రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఈ గంట చివర పిల్లవాడు నా సాయం లేకుండా ఏం చేయగలగాలి అన్నది మొదటిది. ఎక్కడ తడబడతాడు అన్నది రెండోది. మొదటి వాక్యంలో "తీసివేతలు బోధించుట" అని రాస్తే అది మన పని అవుతుంది. "మధ్యలో సున్నా ఉన్న మూడంకెల సంఖ్య నుంచి తీసివేయగలగాలి" అని రాస్తే అది పిల్లవాడి పని అవుతుంది, గంట చివర సరిచూసుకోవడానికి కూడా వీలవుతుంది. రెండో వాక్యం రాయాలంటే పిల్లలు చేసే తప్పులు మనకు తెలిసి ఉండాలి. మొదటి ఏడాది తెలియవు. ఎదురైన ప్రతి తప్పునూ రాసి పెట్టుకుంటే రెండో ఏడాదికి మీ దగ్గరే ఒక నిధి తయారవుతుంది.

పిల్లలు లోపలికి వచ్చేసరికి నల్లబల్ల మీద నాలుగు చిన్న ప్రశ్నలు రాసి ఉంచండి. నిన్నటి పాఠం నుంచి ఒకటి, పోయిన వారం నుంచి ఒకటి, పోయిన నెల నుంచి ఒకటి, ఈ రోజు పాఠానికి కావలసిన పాత విషయం నుంచి ఒకటి. మీరు హాజరు వేసుకునే అయిదు నిమిషాల్లో వాళ్లు పలకల మీద జవాబులు రాస్తారు. దీనివల్ల గది దానంతట అదే సర్దుకుంటుంది, అయితే అసలు ప్రయోజనం అది కాదు. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. నేర్చినదానిలో పెద్ద భాగం మొదటి గంటల్లోనే జారిపోతుందని, ఒకే రోజు పదిసార్లు చదివిన దానికంటే కొన్ని రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ చదివినది ఎక్కువ నిలుస్తుందని ఆ కొలతల్లో తేలింది. మన ఇళ్లలో దీపాలు పెట్టే వేళకు ఎక్కాలూ శతక పద్యాలూ ప్రతి రోజూ వల్లె వేయించిన పెద్దలు ఈ సంగతి అనుభవంతో ఎరుగుదురు. వల్లె వేయడాన్ని ఈ మధ్య తేలిక చేసి మాట్లాడుతున్నారు గాని, అర్థం చేసుకున్న దానిని ఎడం ఇచ్చి గుర్తు చేయడంలో తప్పేమీ లేదు. నాలుగు ప్రశ్నలలో పోయిన నెల ప్రశ్నను మాత్రం ఎప్పుడూ వదలకండి, ఎందుకంటే అందరూ మరచిపోయే అవకాశం దానికే ఎక్కువ.

ప్రశ్న ముందు, పేరు తరువాత

"ఒరేయ్ వెనక బెంచీ, నువ్వు చెప్పు, ఆకులు పచ్చగా ఎందుకుంటాయి?" అని అడిగినప్పుడు ఏం జరుగుతుందో గమనించండి. పిలుపు వినగానే మిగిలిన ఇరవై తొమ్మిది మందీ ఊపిరి పీల్చుకుంటారు. ప్రశ్న ఇక వాళ్లది కాదు. అదే ప్రశ్నను ముందు తరగతి మొత్తానికి వేసి, ఆగి, ఆ తరువాత పేరు పిలిస్తే, పేరు వినిపించేదాకా అది ముప్పై మందిదీ అవుతుంది. మాటల వరుస మార్చడానికి ఖర్చేమీ లేదు, అయినా నాకు ఇది అలవాటు కావడానికి ఒక టర్మ్ అంతా పట్టింది.

ఆ నడుమ ఆగడమే కష్టం. అమెరికాలో విజ్ఞానశాస్త్ర బోధనపై పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970ల తొలినాళ్లలో తరగతి గదుల సంభాషణలను టేపు మీద రికార్డు చేసి కొలిచినప్పుడు, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, జవాబు రాని ప్రశ్నలు తగ్గాయి, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా నోరు విప్పారు. మూడు సెకన్లంటే కాగితం మీద ఎంతో తక్కువ, తరగతి ముందు నిలబడ్డవారికి మాత్రం ఎంతో ఎక్కువ. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మనమే జవాబు చెప్పేస్తాము, లేదా ప్రశ్నను మరోలా తిప్పి అడుగుతాము, లేదా చెయ్యి ఎత్తి ఎగిరిపడుతున్న ఆ నలుగురిలో ఒకరిని పిలిచేస్తాము. మనసులో "ఒకటి, రెండు, మూడు" అని నిదానంగా లెక్కపెట్టుకోండి. జవాబు వచ్చాక కూడా వెంటనే "వెరీ గుడ్" అనకుండా మరోసారి ఆగండి. చెప్పిన పిల్లే తన మాటకు ఇంకో మాట కలపడం, లేదా పక్కవాడు "కాదు టీచర్" అనడం అప్పుడే జరుగుతుంది.

ఎవరిని పిలవాలన్నది చెయ్యి ఎత్తినవాళ్లను బట్టి నిర్ణయించకండి. ఐస్‌క్రీం పుల్లల మీద పిల్లల పేర్లు రాసి డబ్బాలో వేసి, ఒక పుల్ల తీసి పిలవడం మంచి పద్ధతి. పిలిచిన పుల్లను మళ్లీ డబ్బాలోనే వేయాలి. పక్కన పెడితే "నా వంతు అయిపోయింది" అని ఆ పిల్లవాడు ఆ పూటకు సెలవు తీసుకుంటాడు. తెలియదన్న పిల్లవాడిని అక్కడే వదిలేయకుండా, మరొకరి జవాబు విన్న తరువాత మళ్లీ అతని దగ్గరకే వచ్చి "ఇప్పుడు నీ మాటల్లో చెప్పు" అనాలి. ఇది కోపంగా కాకుండా, మామూలు గొంతుతో జరగాలి. తప్పించుకోవడం కుదరదని, అలాగని అవమానమూ జరగదని పిల్లలకు తెలియడానికి రెండు వారాలు చాలు.

పలక

ఒక్కొక్కరినీ పిలిచి అడిగితే ఒక్కొక్కరి సంగతే తెలుస్తుంది. ముప్పై మంది సంగతి ఒక్క నిమిషంలో తెలియాలంటే పలకకు మించిన సాధనం లేదు. ఒకప్పుడు ప్రతి పిల్లవాడి సంచిలోనూ పలక, బలపం ఉండేవి. ఇప్పుడు రెండో తరగతి దాటాక పలకను చిన్నతనంగా చూస్తున్నారు, ఇది నాకు ఎంతో బాధ కలిగించే మార్పు. నోటు పుస్తకంలో తప్పు రాస్తే అది మిగిలిపోతుందని పిల్లలు భయపడతారు. పలక మీద తప్పును అరచేత్తో తుడిచేయవచ్చు. అందుకే పలక మీద ధైర్యంగా ప్రయత్నిస్తారు.

పద్ధతి ఇలా ఉండాలి. ప్రశ్న చెప్పండి. పలకను ఒడిలోకి వంచుకుని రాయమనండి, పక్కవాడికి కనిపించకుండా. రాయడం అయినవాళ్లు పలకను బోర్లా తిప్పి ఛాతీకి ఆనించుకోవాలి. దాదాపు అందరూ అయ్యాక మీరు "చూపించు" అంటారు. అప్పుడు అందరూ ఒకేసారి పైకెత్తాలి. ముందుగా ఎత్తినవాడిని చూసి మిగిలినవాళ్లు రాస్తే ఈ పని అంతా వృథా అవుతుంది కనుక ఈ ఒక్క నియమాన్ని మొదటి వారంలోనే గట్టిగా అలవాటు చేయాలి. పలకలు పైకి లేచాక ఎడమ నుంచి కుడికి వరుసగా కళ్లతో చదవండి, నోటితో ఏమీ అనకండి, ముఖంలో కూడా ఏమీ కనిపించనివ్వకండి. అందరిదీ సరిపోతే ముందుకు వెళ్లండి. సగం మందికి తప్పితే మళ్లీ చెప్పాలి, అయితే అదే మాటలతో కాదు. నలుగురికి తప్పితే ఆ నలుగురినీ గుర్తు పెట్టుకుని, మిగిలినవారు అభ్యాసం చేస్తున్నప్పుడు వాళ్ల దగ్గర కూర్చోండి. పలకలు చూశాక ఏం చేయాలో ముందే అనుకోకపోతే, పలకలు ఎత్తించడం కూడా "అర్థమైందా" అని అడగడం లాంటిదే అయిపోతుంది.

తప్పును చదవడం

ఈ భాగాన్ని కాస్త విస్తారంగా రాస్తున్నాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో ఉపాధ్యాయుని నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. 402 నుంచి 178 తీసివేయమని పలకల మీద లెక్క ఇచ్చారనుకోండి. సరైన జవాబు 224. పలకలు ఎత్తినప్పుడు 376, 274, 234, 324 అనే జవాబులు కూడా కనిపిస్తాయి. ఎర్ర సిరాతో కొట్టేసేవారికి ఈ నాలుగూ ఒకటే తప్పు. చదవడం తెలిసినవారికి ఇవి నాలుగు వేరువేరు ఉత్తరాలు.

376 రాసిన పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశాడు: ఎనిమిదిలోంచి రెండు, ఏడులోంచి సున్నా, నాలుగులోంచి ఒకటి. అతనికి 402 అనేది ఒక సంఖ్య కాదు, పక్కపక్కన నిలబడ్డ మూడు అంకెలు. ఈ తప్పును నేర్పింది చాలాసార్లు మనమే; ఒకటో తరగతిలో "ఎప్పుడూ పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అని తేలికగా చెప్పిన సూత్రాన్ని ఆ పిల్లవాడు నమ్మకంగా మోసుకొచ్చాడు. 274 రాసిన పిల్లకు అప్పు తెచ్చుకోవాలని తెలుసు. పక్కన సున్నా దగ్గర ఏమీ లేదు కాబట్టి, దానిని దాటుకుని వందల నుంచి నేరుగా ఒకట్లకు పది తెచ్చుకుంది. వంద విప్పితే పది కాదు, పది పదులు వస్తాయన్న సంగతి ఆమెకు తట్టలేదు. పదుల్లో సున్నాలోంచి ఏడు పోనప్పుడు ఏం చేయాలో తోచక ఏడే వేసేసింది. 234 రాసినవాడు వందను పది పదులుగా మార్చాడు, అందులోంచి ఒక పదిని ఒకట్లకు ఇచ్చాడు కూడా, ఇచ్చాక తన దగ్గర తొమ్మిదే మిగిలాయని మరిచాడు. 324 రాసినవాడికి అంతా తెలుసు. నాలుగు మీద గీత కొట్టి మూడు వేయడం ఒక్కటే మరిచాడు. చివరి ఇద్దరికీ మళ్లీ పాఠం అక్కరలేదు, కొట్టివేసి పైన రాసే అలవాటు చాలు. మొదటి ఇద్దరికీ ఎన్ని లెక్కలు ఇచ్చినా ఇదే తప్పును మరింత గట్టిగా సాధన చేస్తారు.

వాళ్ల కోసం నేను చీపురు పుల్లలు వాడతాను. ఒక్క కొబ్బరి చీపురు ఈనెలను వేలెడు ముక్కలుగా విరిస్తే తరగతికి కావలసినన్ని వస్తాయి. పదింటికి ఒక రబ్బరు బ్యాండు, అలాంటి పది కట్టలను కలిపి పెద్ద రబ్బరు బ్యాండు. కట్టలు పిల్లలే కట్టాలి. మనం కట్టి ఇస్తే అవి బొమ్మలు మాత్రమే. ఒక ఏడాది ఇలా 274 రాసిన పిల్లలతో కింద కూర్చుని, నాలుగు వంద కట్టలు, రెండు విడి పుల్లలు వాళ్ల ముందు పెట్టి, "ఎనిమిది పుల్లలు నాకివ్వండి" అన్నాను. ఒక బాబు విడి పుల్లలు రెండూ ఇచ్చాడు. ఇంకా ఆరు కావాలి. వంద కట్టను చేతిలోకి తీసుకున్నాడు, రబ్బరు బ్యాండు కింద వేలు పెట్టి ఆగిపోయాడు. "తీస్తే వంద పోతుంది కదా టీచర్?" అన్నాడు.

వాడి ఇబ్బంది అంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. విప్పినా వంద వందగానే ఉంటుందన్న నమ్మకం వాడికి లేదు, ఆ నమ్మకం నేను మాటలతో ఇవ్వగలిగినది కాదు. "పోతుందేమో విప్పి లెక్కపెట్టు" అన్నాను. విప్పాడు, పది కట్టలు వచ్చాయి, పది, ఇరవై, ముప్పై అంటూ వంద దాకా లెక్కపెట్టుకున్నాడు, మరొకసారి లెక్కపెట్టుకున్నాడు. తరువాత ఒక పది కట్టను తనంతట తానే విప్పాడు. నాకిచ్చిన రెండింటినీ కలుపుకుని నేల మీద మూడు వంద కట్టలు, తొమ్మిది పది కట్టలు, పన్నెండు విడి పుల్లలు లెక్క తేలాక, ఆ మూడు, తొమ్మిది, పన్నెండు అంకెలనే పలక మీద 402 పైన రాయించాను. పుల్లలు కదిలినప్పుడల్లా పలక మీద అంకె మారాలి, రెండూ జంటగా నడవాలి. పుల్లలతో ఆడించి ఆపేసి, మరో రోజు లెక్క చెబితే పిల్లలు ఈ రెండింటికీ సంబంధం ఉందని అనుకోరు.

ఇలాంటి తప్పులు చదవడంలోనూ ఉంటాయి. తెలుగులో చాలా ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టుగానే ఉంటాయి కాబట్టి పిల్లలు పోల్చుకోగలరు. త, న, మ, య, ర, ల ఒత్తుల రూపం మాత్రం పూర్తిగా మారిపోతుంది. ఈ ఆరింటినీ మిగిలినవాటితో కలిపి ఒకే గుంపుగా చెప్పకుండా, విడిగా, వారానికి రెండు చొప్పున నేర్పడం మేలు. ర ఒత్తు అక్షరాన్ని ఎడమవైపు నుంచి చుట్టుకుని వస్తుంది కనుక దానినే ముందు చదివి "చక్రం"ను "చర్కం" అనే పిల్లలు ఉంటారు. ఆ పిల్లవాడికి చూపు మందగించలేదు, బుద్ధి మందగించలేదు. ఎడమ నుంచి కుడికి చదవాలని మనం చెప్పిన మాటనే పాటించాడు. నా మొదటి ఏడాది అనుభవం తరువాత నేను ఒక్క నియమాన్ని ఎన్నడూ తప్పలేదు: ముప్పై మంది ఉంటే రోజుకు ఆరుగురు, నా పక్కన కూర్చుని, అంతకుముందు చూడని వాక్యం ఒకటి నాకు చదివి వినిపించాలి. అయిదు రోజుల్లో తరగతి అంతా పూర్తవుతుంది. దీనికి రోజుకు పది నిమిషాల కంటే ఎక్కువ పట్టదు.

ఇంటి మాటను బడిలోకి రానివ్వడం

వేరుశనగలు అని పుస్తకంలో ఉంటే తెలంగాణ పిల్లవాడు పల్లీలంటాడు, కర్నూలు పల్లెలో పిల్లవాడు బుడ్డలంటాడు. "అలా అనకూడదు" అన్న మాట ఒక్కసారి వింటే ఆ పిల్లవాడు ఆ గంటంతా నోరు మూసుకుంటాడు, వాడికి ఏం తెలుసో ఏం తెలియదో మనకు తెలిసే దారి మూసుకుపోతుంది. ఇంటి మాటను ముందు నల్లబల్ల మీద రాసి, దాని పక్కన పుస్తకం మాట రాయండి. రెండూ తెలుగే అని చెప్పండి. తెలుగే ఇంటి భాష కాని పిల్లల విషయంలో ఇది మరింత అవసరం. వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లోనే సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వారి భాషలో వాచకాలు తయారు చేశారు. ఆయనంత పని మనవల్ల కాకపోవచ్చు. మీ తరగతిలో గోండి, కోయ, లంబాడి, ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే నీళ్లు, ఆకలి, నొప్పి, తెలియలేదు అన్న నాలుగు మాటలు వాళ్ల భాషలో నేర్చుకోవడం మాత్రం ఎవరివల్లనైనా అవుతుంది.

క్రమశిక్షణ గురించి

అల్లరి మొదలైన తరువాత ఏం చేయాలన్న ప్రశ్నకు మంచి జవాబు లేదు. జేకబ్ కూనిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త తరగతి గదుల వీడియోలను పరిశీలించి 1970లో చెప్పిన సంగతి కూడా ఇదే: గది అదుపులో ఉన్న ఉపాధ్యాయులకూ లేనివారికీ తేడా అల్లరిని ఎలా మందలించారన్న దానిలో కనిపించలేదు, అల్లరి పుట్టకముందు ఏం చేశారన్న దానిలో కనిపించింది. గది అంతటి మీదా చూపు ఉండడం, ఒక పని నుంచి మరో పనికి మారేటప్పుడు పిల్లలు ఖాళీగా ఉండకపోవడం అందులో ముఖ్యమైనవి. నల్లబల్ల మీద రాసేటప్పుడు పూర్తిగా వీపు తిప్పకుండా ఓరగా నిలబడండి. పుస్తకాలు పంచడం వరుసకొకరికి అప్పగించండి. "పుస్తకం తీసి, ముప్పై రెండో పేజీ తెరిచి, మూడో ప్రశ్న చూసి, జవాబు రాయండి" అని ఒక్క ఊపులో చెప్పకుండా, ఒక్కొక్కటిగా చెప్పి, అయిందో లేదో చూసి మరొకటి చెప్పండి.

కొట్టడం గురించి ఒక్క మాట. కోదండం, తొడపాశం, గోడకుర్చీ అంటూ పాత పంతుళ్ల శిక్షలను ముచ్చటగా చెప్పుకునే అలవాటు మనలో ఉంది. నాకు ఆ ముచ్చట నచ్చదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులో ఉంది. చట్టం సంగతి అలా ఉంచి, బోధన సంగతే చూసినా, దెబ్బకు భయపడే పిల్లవాడు చేసే మొదటి పని తప్పును దాచడం. పక్కవాడి పలక చూసి రాస్తాడు, అందరితో కలిసి "అర్థమైంది" అంటాడు. "మొద్దు" అన్న ఒక్క మాట కూడా బెత్తం చేసే పనే చేస్తుంది.

నోటు పుస్తకాలు దిద్దడం

అన్ని పుస్తకాలూ, అన్ని పేజీలూ దిద్దాలని చూస్తే చివరికి టిక్కులు పెట్టడమే మిగులుతుంది. రోజుకు పది పుస్తకాలు తీసుకుని, ఒక్కో పుస్తకంలో ఒకే పేజీ శ్రద్ధగా చూసి, పిల్లవాడు రేపు చేయగల పని ఒకటి రాయండి. "బాగా రాయాలి" అన్నది పని కాదు. "రెండో, అయిదో వాక్యాల్లో ఒత్తులు సరిచేసి మళ్లీ రాయి" అన్నది పని. ఇజ్రాయెల్‌కు చెందిన రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల పని మెరుగుపడింది గాని, మార్కులతో పాటు వ్యాఖ్య అందుకున్న పిల్లలలో ఆ మేలు కనిపించలేదు. మార్కు పక్కన ఉంటే పిల్లలు మార్కునే చూస్తారు, పక్కవాడి మార్కునూ చూస్తారు. పరీక్షల్లో మార్కులు తప్పవు, రోజువారీ పుస్తకాల్లో అవి అక్కరలేదు. మరునాటి గంటలో ఆ సవరణ చేయడానికి అయిదు నిమిషాలు ఇవ్వడం మరువకండి. ఇవ్వకపోతే మీరు రాసిన వ్యాఖ్యను చదివేవారే ఉండరు.

ఒక్కరే అయిదు తరగతులు చెప్పవలసి వస్తే

ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్నవారు ఇదంతా చదివి "మాకెలా కుదురుతుంది" అనుకోవడం సహజం. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వారు చుట్టుపక్కల పల్లెల్లోని ఒంటి గది బడుల కోసం రూపొందించిన పద్ధతి ఈ ఇబ్బందిలోంచే పుట్టింది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ఆ కార్డుల వరుసను గోడ మీద ఒక నిచ్చెనగా చూపిస్తారు. తానున్న మెట్టు ఏదో, తరువాత తీసుకోవలసిన కార్డు ఏదో పిల్లవాడే చూసుకుంటాడు. ఉపాధ్యాయుని సాయం ఎంత కావాలన్న దాన్ని బట్టి పిల్లలు గుంపులుగా కూర్చుంటారు. తమిళనాడు ప్రభుత్వ బడుల్లో అమలైన కార్డుల పద్ధతికి ఇదే స్ఫూర్తి. మొత్తం పద్ధతి తెచ్చుకోలేకపోయినా దానిలోని కీలకాన్ని తెచ్చుకోవచ్చు: మీరు ఒక తరగతితో నేల మీద కూర్చున్నప్పుడు మిగిలిన నాలుగు తరగతులకూ ఏం చేయాలో మిమ్మల్ని అడగనవసరం లేని పని ఉండాలి. ఆ పని కొత్తది కాకూడదు, వాళ్లకు ఇప్పటికే వచ్చినదాని అభ్యాసం కావాలి. కొత్తది ఇస్తే లేచి మీ దగ్గరకు వస్తారు.

ఎక్కడ మొదలుపెట్టాలి

ఇవన్నీ ఒకే వారంలో మొదలుపెడితే ఏదీ నిలవదు. పలకలతో మొదలుపెట్టమని నా సలహా. గంటకు ఒక్క ప్రశ్న, రెండు వారాలు, అంతే. పలకలు లేకపోతే తెల్ల కాగితం మీద పారదర్శక ప్లాస్టిక్ కవరు తొడిగి, స్కెచ్ పెన్నుతో రాయించి తడిగుడ్డతో తుడిపించవచ్చు. వాటిని గదిలోనే ఉంచుకోండి, ఇంటికి పంపితే మరునాడు సగం రావు. సాయంత్రం గది తాళం వేసే ముందు ఒక చిన్న పుస్తకంలో ఆ రోజు పలకల మీద కనిపించిన తప్పు జవాబులను, వాటి పక్కన ఆ పిల్లల పేర్లను రాసుకోండి. తరువాత ఆ తప్పుల్లో ఎక్కువమంది చేసిన దానిని రేపటి నాలుగు ప్రశ్నలలో ఒకటిగా మార్చి, నల్లబల్ల తుడిచి, అప్పుడే రాసేసి వెళ్లండి.